జర్మన్ షెపర్డా, బెల్జియన్ మాలినోయిసా? రెండింటినీ ఏళ్ల తరబడి పెంచిన అనుభవం

హన్మకొండ శివారులో ప్రహరీ గోడ, చిన్న పెరడు ఉన్న మా ఇంట్లో మొదట జర్మన్ షెపర్డ్ మగ కుక్కపిల్లను తెచ్చుకున్నాము. అది పూర్తిగా ఎదిగిన తరువాత బెల్జియన్ మాలినోయిస్ ఆడ కుక్కపిల్ల వచ్చింది. మొదటిది షేరు, రెండోది ఝాన్సీ. నిక్కబొడుచుకున్న చెవులు, పొడవాటి మూతి, తోడేలు పోలికలున్న నడక చూసి వీధిలో చాలామంది రెండూ ఒకే జాతి అనుకుంటారు. ఇంట్లో వాటితో కలిసి బతికినవారికి మాత్రం అవి రెండు వేరు వేరు స్వభావాలు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి జర్మన్ షెపర్డే తగినదని నా నిశ్చితాభిప్రాయం. ఉదయం, సాయంత్రం దాని శిక్షణనే తన పనిగా పెట్టుకోగల మనిషి ఇంట్లో ఒకరు ఉంటేనే మాలినోయిస్‌ను తేవాలి.

రెండూ పుట్టుకతో గొర్రెల మందలు కాచిన జాతులే. జర్మన్ షెపర్డ్‌ను 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఒక ప్రత్యేక జాతిగా రూపుదిద్దగా, మాలినోయిస్‌కు బెల్జియంలోని మాలిన్ పట్టణం పేరు వచ్చింది. మగ జర్మన్ షెపర్డ్ 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు, 30 నుంచి 40 కిలోల బరువు ఉంటుంది. మగ మాలినోయిస్ ఎత్తులో దాదాపు దానికి సమానమే అయినా బరువు 25 నుంచి 30 కిలోలు మాత్రమే, ఆడది ఇంకా తేలిక. ఈ తేలికదనం ఎంత పని చేస్తుందో మా మిద్దె మీదికి కోతులు వచ్చిన రోజుల్లో చూశాను. షేరు కింద వాకిట్లో నిలబడి, అవి వెళ్లిపోయేదాకా మొరుగుతుంది. ఝాన్సీ మాత్రం మెట్లు రెండేసి దాటుకుంటూ పైకి చేరి, నీళ్ల ట్యాంకు దిమ్మె మీది నుంచి పిట్టగోడ మీదికి దూకి, ముందరి కాళ్లు అంచు మీద పెట్టి పక్కింటి మిద్దె మీదున్న కోతి వైపు వంగి, దూకడానికి వెనుక కాళ్లు కూడదీసుకుంది. పిలిచిన వెంటనే ఆగడం దానికి ముందే నేర్పి ఉండడం వల్లనే అది ఆగింది. ఆ తరువాత మెట్ల దగ్గర ఇనుప గేటు పెట్టించాము, ప్రహరీ మీద జాలీ ఎత్తు పెంచాము. మాలినోయిస్‌ను తెచ్చుకోదలచినవారు ఈ ఖర్చును కుక్కపిల్ల ధరతో పాటే లెక్క వేసుకోవాలి.

నా దృష్టిలో అసలు తేడా విశ్రాంతిలో ఉంది. గంటసేపు నడిపించి, కొంతసేపు బంతి విసిరితే షేరు కడుపు నిండా నీళ్లు తాగి, గడప పక్కన పడుకుని, ఇంట్లోవాళ్లు ఎవరి పని వారు చేసుకుంటుంటే చూస్తూ ఉంటుంది. అంతే వ్యాయామం ఝాన్సీకి ఒళ్లు వేడెక్కించుకోవడానికి మాత్రమే సరిపోతుంది. దాన్ని అలసటకు గురి చేసేది పరుగు కాదు, బుర్రకు పెట్టే పని. దాచిన వస్తువును వాసనతో వెతికించడం, గోనెపట్ట చుట్టను పట్టుకొమ్మని, మళ్లీ వెంటనే వదలమని చెప్పడం వంటి పాఠాలు ఇరవై నిమిషాలు చేయిస్తే, గంట పరుగుతో రాని నెమ్మది దానికి వస్తుంది. ఆ పాఠాలు వరుసగా కొన్నాళ్లు తప్పితే గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంది, చెప్పులు నమలడం, కనిపించిన ప్రతిదానికీ మొరగడం మొదలుపెడుతుంది.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. బతుకమ్మ రోజుల్లో మా వాకిట్లో పిల్లలు గుంపుగా పరుగెత్తుతుంటే ఝాన్సీ వారి చుట్టూ తిరిగి, దూరం పోయినవారి మడమల వెంట పడి, పావడా అంచును పళ్లతో పట్టి వెనక్కి లాగేది. అది కోపం కాదు, మందను ఒకచోటికి చేర్చే పాత అలవాటు. కానీ బెదిరిన పిల్లకు ఆ తేడా తెలియదు, పిల్ల తల్లికి తెలియవలసిన అవసరమూ లేదు. షేరులో కూడా ఆ అలవాటు లేకపోలేదు, అయితే చిన్నప్పుడే "వద్దు" అన్న మాటతో తగ్గింది. మా అమ్మ చేతికర్ర పట్టుకుని నడిచేటప్పుడు షేరు పక్కకు తప్పుకుంటుంది. ఝాన్సీని మాత్రం ఆ సమయంలో బెల్టుతో పట్టుకోవలసిందే.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల గాలింపులో తేనెటీగలు కుట్టి ప్రాణం విడిచిన సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో మాలినోయిస్ జాతిదే. ఆ వార్త చదివి నేనూ బాధపడ్డాను, ఆ జాతి మీద గౌరవమూ పెరిగింది. అయితే బలగాలలో ప్రతి జాగిలానికీ నెలల తరబడి శిక్షణ, దానికంటూ ఒక హ్యాండ్లర్, రోజూ చేయవలసిన పని ఉంటాయి. ఆ మూడూ లేని ఇంట్లో అదే చురుకుదనం కుక్కకూ మనకూ బాధగా మారుతుంది.

మన ఎండల విషయంలో మాలినోయిస్‌దే పైచేయి. పొట్టి బొచ్చు, తేలికైన ఒళ్లు ఉండడం వల్ల అది వేడిని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. మే నెలలో షేరు మధ్యాహ్నమంతా తడిపిన షాబాద్ బండల మీద పొట్ట ఆనించి, నాలుక చాపి పడుకుంటుంది. రెండింటినీ ఉదయం ఆరు లోపు, సాయంత్రం పొద్దు గూకిన తరువాతే బయటికి తీసుకెళ్తాము. ఎండ కోసమని బొచ్చు గొరిగించకండి, ఆ బొచ్చే చర్మాన్ని కాపాడుతుంది. వాటి ఎండాకాలం నిజంగా గడిచేది నీడ, గాలి, మార్చి మార్చి పోసే చల్లటి నీళ్లతోనే.

ఆరోగ్యం దగ్గర జర్మన్ షెపర్డ్‌కు ఉన్న పెద్ద బలహీనత తుంటి కీళ్లు. వీపు వెనుక భాగం బాగా వాలిన కుక్కలను అందం పేరుతో అమ్ముతారు. నేను మాత్రం వీపు తిన్నగా ఉన్న తల్లిదండ్రుల పిల్లనే ఎంచుకున్నాను, ఎదిగే వయసులో మెట్లు ఎక్కించలేదు, లావెక్కనివ్వలేదు. పిడుదుల బెడద రెండింటికీ సమానమే. వానాకాలం వచ్చిందంటే చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకాలి. తిండి మానేసి, జ్వరంతో మూలన పడుకుంటే అదే తగ్గుతుందిలే అని ఆగకుండా రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే పిడుదుల జ్వరం ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. తిండి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు, షేరు కాస్త ఎక్కువ తింటుంది, అంతే.

కొనేటప్పుడు కుక్క జాతిని, వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలతో పాటు తల్లి కుక్కను చూపించమని అడగండి. షెపర్డ్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి, మాలినోయిస్ అయితే తల్లి కొత్త మనిషిని చూసి ఎలా ప్రవర్తిస్తుందో పక్కన నిలబడి గమనించండి. పిల్లను ఇచ్చి తల్లిని చూపించనివారి దగ్గర బేరం ఆడవద్దు.