అంగన్‌వాడీయా, ప్రైవేటు నర్సరీయా: కోనసీమ పల్లెలో మూడేళ్ల బిడ్డను ఎక్కడ చేర్చాలి?

ఖర్చు: 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే అంగన్‌వాడీలో ఆటపాటల చదువుతోపాటు గుడ్డు, పాలు, వేడి భోజనం ఉచితం. నర్సరీలో ఫీజు, వ్యాను ఛార్జీ, యూనిఫారం అన్నీ మనవే.

శ్రమ: అంగన్‌వాడీకి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. వ్యాను ఏడున్నరకే కాలవ గట్టు మీద హారన్ కొడుతుంది. నిద్ర తీరని బిడ్డను ఎక్కించాలి.

నమోదు: నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. కాస్త భూమి ఉన్న ఇళ్లవారు ఇంగ్లీషు కోసం నర్సరీకి పంపగా, మా ఊరి అంగన్‌వాడీ కేంద్రంలో మిగిలినవారు ఎక్కువగా కూలీల బిడ్డలు, చేపల చెరువుల కాపలాదారుల బిడ్డలు, తల్లి గల్ఫ్ వెళ్లడంతో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవారు. రిజిస్టరులో పేరుంటుంది గానీ చాప మీద బిడ్డ ఉండడు. అయినా పిల్లలు తక్కువ కాబట్టే కార్యకర్త ఒక్కొక్కరినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరం దిద్దిస్తుంది, నెలనెలా బరువు తూస్తుంది.

ఇబ్బంది: అంగన్‌వాడీలో మూడేళ్లవారూ అయిదేళ్లవారూ ఒకే గదిలో ఉంటారు, నర్సరీలో పలక పట్టే వయసులోనే హోంవర్కు మొదలవుతుంది.

జాతీయ విద్యా విధానం 2020 ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది కనుక మూడేళ్లకే చదువుకు తొందర లేదు; అంగన్‌వాడీ కేంద్రం నడక దూరంలో ఉండి కార్యకర్త రోజూ వస్తుంటే అంగన్‌వాడీయే మేలు. కేంద్రం తరచూ మూతపడుతూ, ఇంట్లో పగలు బిడ్డను చూసేవారు లేకపోతే నర్సరీని ఎంచుకోవచ్చు.