బెజవాడలో మూడు రోజులు: కొండల సందు, మూడు కాలువలు

బెజవాడలో ఎన్నిసార్లు రైలు మారానో లెక్కలేదు. ఊరు చూసింది మాత్రం మొన్న సంక్రాంతి తర్వాత, నాన్నతో కలిసి.

ఈ ఊరు ఇక్కడే ఎందుకు వెలిసిందో తెలియాలంటే పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడవండి. ఒక కొసన ఇంద్రకీలాద్రి, అవతలి కొసన సీతానగరం కొండ. అంత పెద్ద కృష్ణమ్మ ఈ రెండిటి మధ్య ఒదిగి సాగిపోతుంది. కొండ బెజ్జమిస్తే నది పారిందనీ, అందుకే బెజవాడ అయిందనీ నాయనమ్మ చెప్పేది. ఆనకట్టకు ఇంజనీర్లూ ఈ సందునే ఎంచుకున్నారు. ఆనించడానికి ఇరువైపులా కొండరాయి ఉంది, దిగువనేమో డెల్టా మొదలవుతుంది. కాబట్టి నీళ్లు వాలు వెంట పొలాలకు పోతాయి. 1855లో పూర్తయిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. 1957లో ఈ బ్యారేజీ వచ్చింది.

ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ ఊరి మధ్యనుంచే వెళ్తాయి. ఒకప్పుడు వీటిలో సరుకు పడవలు తిరిగేవి. ఆ తర్వాత రైలు వచ్చి, 1893లో కృష్ణ మీద వంతెన పడ్డాక మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులన్నీ ఇక్కడే కలిశాయి. ఊరిని పాత వన్‌టౌన్ అనీ, ఇటు గవర్నర్‌పేట, గాంధీనగర్ అనీ విడదీసింది కూడా ఆ పట్టాలే. సాయంత్రం గాంధీ కొండ ఎక్కితే ఇదంతా పటం పరిచినట్టు కనిపిస్తుంది. నేను గంటసేపు కదల్లేదు.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి బెంజ్ సర్కిల్ వైపు పెద్ద హోటల్లో దిగాం. గది శుభ్రం, లిఫ్టు ఉంది, కానీ హైవే హోరుకు నాన్నకు నిద్ర పట్టలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా ఆటోయే. మర్నాడు గవర్నర్‌పేటలో ఓ లాడ్జికి మారాం. అద్దె సగమే. వేడి నీళ్లు ఎనిమిది దాటితే రావు, మందుల చీటీ జిరాక్స్ తీయించమంటే ఒక పూటంతా తిప్పారు. అయినా బస్టాండు, కాలువ గట్టు, బీసెంట్ రోడ్డు అన్నీ నడిచేంత దూరం. పెద్దవాళ్లతో వచ్చినా నేను ఇటే దిగమంటాను. నెయ్యి కారప్పొడి ఇడ్లీ కోసం కూడా.

ఉండవల్లి గుహలకు సిటీ బస్సు చాలు. కొండను నాలుగంతస్తులుగా తొలిచిన ఆ గుహల్లో శయన విష్ణువు ముందు నాన్న చాలాసేపు నిలబడిపోయారు. భవానీ ద్వీపానికి పడవ బాగుంది, దీవిలో మాత్రం కూర్చోవడానికి నీడ తక్కువ.

చివరి రోజు సింగ్‌నగర్ వెళ్లాం. కృష్ణను ఇంత జాగ్రత్తగా కట్టుకున్న ఊరు, వెనకనున్న బుడమేరు వాగు దగ్గర దెబ్బతింది. 2024 సెప్టెంబరులో కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే సమయంలో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు పల్లపు ఇళ్లు మునిగాయి. కొల్లేటికి పోయే వాగు దారిలో ఇళ్లు కట్టనిచ్చినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. మమ్మల్ని తీసుకెళ్లిన ఆటో ఆయన తన ఇంటి గోడ మీద మరక చూపించాడు. నా భుజం దాటి ఉంది.

"ఇక్కడిదాకా వచ్చాయండి. మా అమ్మను పడవలో తీసుకెళ్లారు" అన్నాడు.