మదురా పాదం: మందులా, ఆపరేషనా? ఏది మేలు?

"కాలు తీసేయాలంటున్నారు. మందులతో తగ్గే దారే లేదా?" మదురా పాదం, అంటే చర్మం కింద గడ్డలా మొదలయ్యే మైసెటోమా అనే జబ్బు, ముదిరాక ఇంట్లో అందరి నోటా వచ్చే ప్రశ్న ఇది. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. పేరు ఒకటే గానీ ఇవి నిజానికి రెండు జబ్బులు. బ్యాక్టీరియా వల్ల వచ్చేది యాక్టినోమైసెటోమా, ఫంగస్ వల్ల వచ్చేది యూమైసెటోమా. మొదటిదానికి మందులే మేలు, ఆపరేషన్ దాకా వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. రెండోదానికి చాలామందిలో ముందు మందులు, తర్వాత ఆపరేషన్, ఆ పైన మళ్లీ మందులు కావాలి. ఏ రకమో తేల్చుకోకుండా కత్తి పట్టడం మాత్రం రెండింటిలో దేనికీ మంచిది కాదు.

ఈ జబ్బుకు మదురా పాదం అనే పేరు మన పక్కనున్న మదురై నుంచే వచ్చింది. 1842లో అక్కడ పనిచేస్తున్న గిల్ అనే డాక్టర్ దీని గురించి రాశాడు. 1860లో బొంబాయిలో హెన్రీ వాండైక్ కార్టర్ దీనికి మైసెటోమా అని పేరు పెట్టాడు. ఇవాళ సుడాన్, సెనెగల్, మెక్సికో, ఇండియా లాంటి వేడి దేశాల్లో పొలం పనులు చేసేవాళ్లకు, పశువులు కాసేవాళ్లకు ఎక్కువగా వస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2016లో. మదురైలో గుర్తించిన నూట డెబ్బై ఏళ్లకు పైగా తర్వాత!

కారణం మట్టిలోనే ఉంటుంది. ఆ బ్యాక్టీరియా గానీ ఫంగస్ గానీ మట్టిలో, ముళ్ల మీద బతుకుతుంది. తుమ్మ ముల్లు గుచ్చుకున్నప్పుడో, చిన్న గాయమైనప్పుడో చర్మం కిందికి చేరుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కాబట్టి రోగిని వేరుగా కూర్చోబెట్టాల్సిన పనిలేదు. నెలలు, ఏళ్లు గడిచాక అక్కడ ఒక గట్టి గడ్డ లేస్తుంది. నొప్పి ఉండదు, ఇక్కడే మోసపోతాం. నొప్పి లేని గడ్డను చూపించుకోవడానికి ఒకరోజు కూలి ఎవరు పోగొట్టుకుంటారు? తర్వాత గడ్డ మీద రంధ్రాలు పడతాయి, రసి కారుతుంది, ఆ రసితో పాటు చిన్న చిన్న గింజలు బయటకొస్తాయి. ఆలస్యమైతే ఎముక కూడా తినేస్తుంది. కొందరు బోదకాలు అనుకుంటారు. కొందరికి ఎముక టీబీ అని నెలల తరబడి మందులు వాడించేస్తారు.

ఏ రకమో చెప్పేది ఆ గింజలే. రాత్రి పడుకునే ముందు రంధ్రాల మీద సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ వేసి కట్టు కడతారు. తెల్లారి విప్పితే గుడ్డకు గింజలు అతుక్కుని కనబడతాయి. కొన్ని ఆవగింజల్లా ఉంటే కొన్ని కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. నల్ల గింజ అయితే ఫంగస్. ఎర్ర గింజ అయితే బ్యాక్టీరియా. తెల్లవి, పసుపువి మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు, రంగు చూసి నిర్ణయం తీసుకోకూడదు. గింజను స్లైడ్ మీద నలిపి మైక్రోస్కోప్ కింద పెడితే లావు పోగులు కనిపిస్తే ఫంగస్, చాలా సన్నని పోగులు కనిపిస్తే బ్యాక్టీరియా. గింజ దొరక్కపోతే లోతుగా బయాప్సీ (పరీక్ష కోసం చిన్న ముక్క) తీయాలి. పైపైన ముక్క తీస్తే గింజ రాదు, రిపోర్టులో ఏమీ తేలదు. కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో ఆ క్రిమిని పెంచి చూసే పరీక్షకు, కూడా పంపితే మంచిది గానీ అది రావడానికి వారాలు పడుతుంది. ఎముకలోకి ఎంత పాకిందో ఎక్స్‌రే, ఎమ్మారై చెబుతాయి.

ఇక బ్యాక్టీరియా రకానికి వస్తే, దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది ఇదే. రాజస్థాన్ వైపు ఫంగస్ రకం ఎక్కువ. బ్యాక్టీరియా అని తేలితే నేను ఆశతోనే మాట్లాడతాను, ఎందుకంటే పద్ధతిగా మందులు వాడితే ఎక్కువమందికి నయమవుతుంది. ఇందులో రెండు దారులు బాగా వాడుకలో ఉన్నాయి. మెక్సికోలోని మాంటెర్రేలో ఒలివేరియో వెల్ష్ బృందం పాటించిన పద్ధతిలో మూడు వారాలు రోజూ అమికాసిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, రెండు వారాలు ఆపుతారు. కోట్రైమాక్సజోల్ మాత్రలు మాత్రం ఆపకుండా సాగుతాయి. అవసరమైతే ఇదే చక్రం మళ్లీ మళ్లీ తిప్పుతారు. రెండోది ఢిల్లీ ఎయిమ్స్ చర్మవ్యాధుల విభాగం నుంచి వచ్చిన రెండు దశల పద్ధతి. నాలుగు వారాలు జెంటామైసిన్ ఇంజెక్షన్లు, వాటితో పాటు కోట్రైమాక్సజోల్. ఆ తర్వాత ఇంటి దగ్గర డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ మాత్రలు. పుండు మానాక కూడా ఐదారు నెలలు వాడాలి.

రెండింట్లో ఏది మేలు? ఎముకలోకి, లోతుకు పాకిన కేసులకు, పాత మందులకు లొంగని కేసులకు అమికాసిన్ దారి బలమైనదని నా నమ్మకం. కానీ అది చెవుల మీద, కిడ్నీల మీద పడుతుంది. మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి, మధ్యలో కూడా చూస్తుండాలి. జెంటామైసిన్‌కూ ఇదే భయం ఉంది. అయితే ఆ దశ నాలుగు వారాలతో ముగుస్తుంది, మందులు చౌక, చిన్న ఆసుపత్రిలో కూడా ఇవ్వొచ్చు. కూలి పని చేసుకునే మనిషి నెలల తరబడి పట్నంలో ఉండలేడు కదా. అలాంటివారికి రెండో దారే నిలబడుతుంది. కోట్రైమాక్సజోల్ సల్ఫా మందు కాబట్టి ఎవరికైనా సల్ఫా మందులు పడకపోతే ముందే డాక్టర్‌కు చెప్పాలి. కోట్రైమాక్సజోల్ వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు లేచినా, నోట్లో పుండ్లు వచ్చినా మాత్ర ఆపేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఫంగస్ రకం దగ్గర ఇంత ధైర్యంగా మాట్లాడలేం. దీనికి పనిచేసే యాంటీబయాటిక్ లేదు, ఫంగస్ మందులు కూడా చాలామందిలో ఒంటరిగా గెలవలేవు. వెనకటికి కెటోకొనజోల్ వాడేవారు. లివర్ దెబ్బతింటోందని 2013లో అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు దాని మీద గట్టి ఆంక్షలు పెట్టాయి. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది ఇట్రాకొనజోల్. రోజుకు 400 మిల్లీగ్రాములు, అంటే పొద్దున రెండు క్యాప్సూళ్లు, రాత్రి రెండు. కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు, ఆ సంగతి చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది పనికిరాదు. లివర్ పరీక్షలు మధ్యమధ్యలో తప్పవు.

దీనికి పోటీగా వచ్చింది ఫోస్‌రావుకొనజోల్. జపాన్‌లో గోళ్ల ఫంగస్‌కు తయారైన మందు. సుడాన్ రాజధాని ఖార్టూమ్‌లోని మైసెటోమా పరిశోధన కేంద్రంలో 2017లో ప్రయోగం మొదలైంది. 104 మంది రోగులకు ఆపరేషన్‌తో పాటు కొందరికి ఇదీ, కొందరికి ఇట్రాకొనజోల్ ఇచ్చి చూశారు. ఇట్రాకొనజోల్‌ను ఇది మించిందని తేలలేదు. అయినా నేను దీన్నే కోరుకుంటాను. ఇట్రాకొనజోల్ ఏడాది వాడితే 1,460 క్యాప్సూళ్లు మింగాలి. ఫోస్‌రావుకొనజోల్ అయితే 200 మిల్లీగ్రాముల మోతాదులో వారానికోసారి రెండు క్యాప్సూళ్లే. రోజూ మింగాల్సిన మందు పల్లెలో ఎన్నాళ్లు సాగుతుందో మనకు తెలియని విషయం కాదు. బాధేమిటంటే, 1991లో మొదలై వేలమందిని ఆదుకున్న ఆ ఖార్టూమ్ కేంద్రం 2023లో మొదలైన యుద్ధంలో ధ్వంసమైంది. దశాబ్దాలుగా దాచిన నమూనాలు పోయాయి.

మరి ఆపరేషన్ ఎప్పుడు? ఫంగస్ రకంలో గడ్డ చిన్నగా ఉండి, ఎముకను తాకకపోతే పూర్తిగా కోసి తీసేయడం మంచి అవకాశం. అదీ నేరుగా కాదు. ముందు దాదాపు ఆరు నెలలు మందులిస్తే గడ్డ చుట్టూ గట్టి పొర కట్టి కోయడానికి అనువుగా మారుతుంది. ముందు మందు లేకుండా, తర్వాత మందు లేకుండా కోస్తే గడ్డ మళ్లీ లేచే ప్రమాదం చాలా ఎక్కువ. ఊళ్లో లోకల్ మత్తు ఇచ్చి పైపైన గీకి తీసేయడం అన్నిటికన్నా చెడ్డ దారి. జబ్బు లోపల మిగిలిపోతుంది. తర్వాత అసలైన సర్జన్ కోయాల్సిన చోటంతా మచ్చలే.

కాలు తీసేయడం అనే మాట విషయానికొస్తే, అది అవసరమయ్యే రోగులు లేరని నేను అనను. ఎముకలన్నీ పాడైపోయి, మందులు పూర్తి కాలం వాడినా ఆగకుండా, రక్తంలోకి చీము విషం ఎక్కుతుంటే ప్రాణం కోసం తీయాల్సి వస్తుంది. కానీ బ్యాక్టీరియా రకంలో ఎముక దెబ్బతిన్న కాళ్లు కూడా మందులతో మానిన సందర్భాలున్నాయి. అందుకే కాలు తీయాలని చెప్పినప్పుడు సంతకం పెట్టే ముందు అడగాల్సినవి ఉన్నాయి. గింజలు చూశారా, బయాప్సీలో బ్యాక్టీరియా అని వచ్చిందా, ఫంగస్ అని వచ్చిందా, దానికి తగిన మందు ఎన్ని నెలలు వాడాం. రిపోర్టు కాగితంతో పాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) కూడా అడిగి తీసుకుని మెడికల్ కాలేజీలోని చర్మవ్యాధుల విభాగంలో ఇంకొకరికి చూపించండి. మళ్లీ ముక్క తీయకుండానే ఆ స్లైడ్ల మీద రెండో అభిప్రాయం చెప్పగలరు.