జులై శనివారాలు: లూయిస్ క్లబ్బు వెంట మేం నలుగురం

జులై వచ్చిందంటే మాకు శనివారాలు ఖాళీ ఉండవు. లూయిస్ అనే ఊరి చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఎక్కడ ఆడితే అక్కడికి వెళతాం. లండన్‌లో ఒకడు ఈస్ట్‌హామ్‌లో, ఇంకొకడు హౌన్‌స్లోలో, తలా ఒక మూల ఉండే మేం పొద్దున తొమ్మిదిన్నరకల్లా విక్టోరియా స్టేషన్‌లో రైళ్ల బోర్డు కింద చేరతాం. తెనాలి బావ చేతిలో పులిహోర డబ్బా, వరంగల్ అన్న మెడలో ఎరుపు నలుపు చారల మఫ్లరు. ఎండాకాలంలో మఫ్లరేంటని ఎవరైనా అడిగితే ఆయనకి కోపం వస్తుంది. ఖమ్మం తమ్ముడు మాత్రం ప్రతిసారీ చివరి నిమిషంలో పరిగెత్తుకుంటూ వస్తాడు.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌కి, అంటే ఇక్కడి ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పై డివిజన్ ఆటకి వెళ్లాం. పై అంతస్తులో ఎక్కడో సీటు, కింద ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనిపించారు. ఆ టికెట్టు డబ్బుతో ఇప్పుడు నెల మొత్తం తిరుగుతున్నాం. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులుంటాయి. వాటి కిందివన్నీ నాన్ లీగ్. మా లూయిస్ ఆడేది ఏడో మెట్టు, ఇస్త్మియన్ లీగ్ ప్రీమియర్ డివిజన్. 1885లో పుట్టిన క్లబ్బు. 2010 నుంచి అభిమానులదే. ఏటా కొంత సొమ్ము కట్టిన ప్రతివాడూ యజమానే, ఎంత కట్టినా ఓటు మాత్రం ఒకటే. 2017లో ఆడవాళ్ల జట్టుకీ మగవాళ్ల జట్టుకీ సమానంగా ఖర్చు పెట్టడం మొదలుపెట్టింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి క్లబ్బు ఇదే. మా అన్న ఈ క్లబ్బుని పట్టుకోవడానికి కారణం ఆ ఒక్క నిర్ణయమే. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు.

అసలు సీజన్ ఆగస్టులో మొదలవుతుంది. జులైలో జరిగేవి ఫ్రెండ్లీలు, పాయింట్లు ఉండవు. ఎవరు గెలిచారన్నది సోమవారానికి ఎవరికీ గుర్తుండదు. కానీ క్లబ్బుని దగ్గర నుంచి చూడాలంటే ఇదే సమయం.

మొదటి శనివారం సొంత గ్రౌండ్లో, ఒక పెద్ద క్లబ్బు కుర్రాళ్ల జట్టుతో. విక్టోరియా నుంచి లూయిస్‌కి గంట పైచిలుకు ప్రయాణం. ముగ్గురు కలిసి వెళితే గ్రూప్‌సేవ్ అనే రైలు రాయితీ కింద ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది, తొమ్మిది మంది వరకు వర్తిస్తుంది. విడివిడిగా టికెట్లు కొనుక్కోకండి. స్టేషన్ దిగి ఐదు నిమిషాలు నడిస్తే గ్రౌండ్. దాని పేరు డ్రిప్పింగ్ పాన్. మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వుని పట్టే పళ్లేన్ని అలా అంటారు. పేరుకి తగ్గట్టే మైదానం పల్లంలో ఉంటుంది, పక్కన గడ్డి గట్లు. పక్కనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు. 1530లలో కూలగొట్టించినది. వెనక సుద్దరాతి కొండలు తెల్లగా మెరుస్తుంటాయి. గాలి అటు నుంచి వీస్తే హార్వీస్ బీరు కార్ఖానా నుంచి ఉడికిన ధాన్యం వాసన వస్తుంది. పండక్కి మా ఊళ్లో పెద్ద గిన్నెలో గోధుమలు ఉడికించిన వాసన లాంటిది.

ఆటకంటే ముందు గేటు దగ్గర తెల్లబోర్డు చూడాలి. దాని మీద మార్కర్‌తో జట్టు రాసి ఉంటుంది. పది పన్నెండు పేర్లు, వాటి కింద ట్రయలిస్ట్ ఎ, ట్రయలిస్ట్ బి, ట్రయలిస్ట్ సి. ఇంకా సంతకం కాని వాళ్లు. ఉద్యోగంలో ప్రొబేషన్ అనుకోండి, అంతకంటే కఠినం. మూడు నాలుగు ఆటల్లో తేల్చేస్తారు. వాళ్లకి పేరు ఉండదు, వీపు మీద నంబరే. ఆ రోజు 15వ నంబరు కుర్రాడు సన్నగా, ఎడమకాలి ఆటగాడు, రెండో సగంలో వచ్చాడు. మొదటి పాసే నేరుగా ప్రత్యర్థి కాళ్లకి ఇచ్చేశాడు. మేనేజర్ అరుపు గట్టు మీద కూర్చున్న మాకు స్పష్టంగా వినిపించింది. కుర్రాడు తల దించుకోలేదు, బంతి కోసం మళ్లీ చెయ్యెత్తాడు. మా తమ్ముడు అప్పుడే చెప్పాడు, "అన్నా, వీణ్ణి చూడు, వీడు ఉంటాడు" అని. మా తమ్ముడే అప్పటికి మూడు నెలలుగా తన కాంట్రాక్టు ఖాయం కాక, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఇక్కడ అభిమానుల్ని విడదీయరు. సగం ఆట అవగానే మన జట్టు ఏ గోలు వైపు దాడి చేస్తుందో ఆ వైపుకి అందరూ నడిచి వెళతారు. ఎదురుగా వచ్చే అవతలి క్లబ్బు వాళ్లు మధ్యలో పలకరిస్తారు. కోటప్పకొండ తిరునాళ్లలో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురుపడినట్టు ఉంటుంది.

ఆ రాత్రి సౌతీస్‌లో వైహెచ్‌ఏ (యూత్ హాస్టళ్ల సంస్థ) వాళ్ల సౌత్ డౌన్స్ హాస్టల్లో దిగాం. లూయిస్ నుంచి సీఫర్డ్ లైన్లో మొదటి స్టేషనే సౌతీస్. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, టైము ముందే చూసుకోండి. పాత పొలం ఇళ్లని బాగుచేసి కట్టారు. బంక్ మంచాలు, శుభ్రమైన దుప్పట్లు, మనం వండుకోవడానికి వంటగది. బావ మూట విప్పి కందిపప్పు, ఎండుమిరపకాయలు తీశాడు. పోపు వేసేసరికి పక్క పొయ్యి దగ్గర ఉన్న జర్మన్ దంపతులు గరిటెలు ఆపి చూశారు. వాళ్లకీ ఒక గిన్నె ఇచ్చాం. ఈ తిరుగుడు మొత్తంలో మనసారా మెచ్చుకున్న బస ఇదే. ఆదివారం పొద్దున లేచి ఊజ్ నది ఒడ్డున నడిచాం.

రెండో శనివారం బ్రైటన్‌లోని వైట్‌హాక్ క్లబ్బు మీద, వాళ్ల గ్రౌండ్లో. గ్రౌండ్ పేరు ఎన్‌క్లోజ్డ్ గ్రౌండ్. బ్రైటన్ ఊళ్లో 1వ నంబరు బస్సు ఎక్కితే వైట్‌హాక్ చేరుస్తుంది. ఒక లోయలో ఉంటుంది, పైన గుర్రప్పందేల మైదానం, అక్కడే అయిదున్నర వేల ఏళ్ల నాటి రాతియుగపు కట్టడం ఆనవాళ్లు. అభిమానుల పాటలు, డప్పులు తొంభై నిమిషాలూ ఆగలేదు. జాతి వివక్షకి వ్యతిరేకంగా కట్టిన బ్యానరు కింద నిలబడినప్పుడు, ఈ దేశంలో ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత నిశ్చింతగా అనిపించింది నాకు. తిండి మాత్రం అంతంతే. శనివారం నీసు ముట్టని బావకి చిప్సే దిక్కు. శాకాహారులకి ఒక మాట: ఇక్కడ కొన్ని చిప్స్ కొట్లలో నూనెకి బదులు పశువుల కొవ్వులో వేయిస్తారు. అడిగాకే కొనండి.

ఆ రాత్రి బసతోనే దెబ్బతిన్నాం. సముద్రం ఎదురుగా అని చూసి ఒక గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాం. శనివారం కాబట్టి మామూలు రోజుకి రెండింతలు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. మోకాలి నొప్పి ఉన్న అన్న ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నాకు చాలా బాధేసింది, బుక్ చేసింది నేనే. ఫోన్ చేసి అడిగితే ముందే కింది గది దొరికేదేమో. ఆదివారం పట్టాల పనులని రైలుకి బదులు బస్సు పెట్టారు. రెండు గంటలు నిలబడి వచ్చాం. వారాంతం టికెట్టు కొనేముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

మూడోది బాగ్నర్ రీజిస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. 1929లో అయిదో జార్జి రాజు జబ్బు నుంచి కోలుకోవడానికి ఆ ప్రాంతానికి వచ్చాడు, పేరులో రీజిస్ (లాటిన్‌లో 'రాజుది' అని) అలా చేరింది. నైవుడ్ లేన్ గ్రౌండ్‌కి స్టేషన్ నుంచి నడిచే వెళ్లాం. సముద్రం అక్కడికి కూతవేటు దూరం. గులకరాళ్ల ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. ఉదయం వెళ్లి సాయంత్రం రావచ్చు, బస అవసరం లేదు. ఆట చప్పగా సాగింది. ఎండకి మధ్యలో నీళ్ల విరామం ఇచ్చారు. 15వ నంబరు కుర్రాడు మాత్రం మొత్తం ఆడాడు. ఎడమ పక్క నుంచి అతను గోలు ముందుకి వేసిన ఒక క్రాసు బంతి గోల్ కీపర్ వేళ్లని తాకుతూ పోయింది. మేం నలుగురం ఒక్కసారిగా లేచాం. అప్పటికి వైట్‌హాక్‌లో చూసిన ఇద్దరు ట్రయలిస్టులు కనబడలేదు. వాళ్లు ఎక్కడికెళ్లారని అన్న పక్కనున్న పెద్దాయన్ని అడిగితే, వేరే క్లబ్బులో చూసుకుంటారులే అన్నాడు. అన్న ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగో శనివారం మళ్లీ డ్రిప్పింగ్ పాన్. గేటు దగ్గర డబ్బులు తీసుకునే పెద్దావిడ మమ్మల్ని గుర్తుపట్టి, ఈసారి డబ్బాలో ఏముందని బావని అడిగింది. దద్దోజనం అని చెప్పి ఆయన మూత తీసి చూపిస్తుంటే, తమ్ముడు మా ముగ్గుర్నీ దాటుకుని బోర్డు దగ్గరికి పరిగెత్తాడు. 15 అంకె పక్కన మార్కర్ తడి ఇంకా ఆరలేదు. ట్రయలిస్ట్ అన్న మాట లేదు. ఒక పేరుంది.