కోపానికి మందు: మానడమా, ఎదురు నడవడమా?

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు, తపస్కాలం, వస్తోందంటే ఒడిశాలోని రాయగడలో మా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఒకటే లెక్క: ఈ 40 రోజులు ఏం మానేద్దాం? ఒకరు మాంసం అంటారు, ఒకరు టీవీ అంటారు. రెండేళ్ల కిందట నేను కోపం మానేస్తానన్నాను. పూజలో సత్ప్రసాదం (పవిత్ర రొట్టె) పంచే వేళ తెలుగు పాటా, ఒడియా పాటా అని మా గుడిలో ఎప్పుడూ పేచీయే. పాటల బృందంలో నాకు పడని ఒడియా భాయి ఒకరున్నారు. ఆ 40 రోజులూ ఆయన మీద ఒక్క మాట తూలలేదు. అసలు మాట్లాడితే కదా! ఈస్టర్ రాత్రి మైకు దగ్గర బాకీ అంతా వడ్డీతో సహా తీర్చేశాను.

మత్తయి 12వ అధ్యాయంలో దయ్యం వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, సర్ది, ఖాళీగా ఉంటుంది. అది మరో ఏడింటిని వెంటేసుకుని తిరిగొస్తుంది. ఉత్తినే మానేయడంలో చిక్కు ఇదే.

రెండో దారి, దుర్గుణానికి ఎదురు సుగుణాన్ని సాధన చేయడం. గర్వానికి వినయం, లోభానికి దానం, కోపానికి సౌమ్యం. మిషనరీ గురువుల సభ ఒకటి 1846లో విశాఖకు వచ్చింది; ఆ సభకు పాలక పునీతుడైన ఫ్రాన్సిస్ ది సేల్స్ ఇంకా సూటిగా చెప్పాడు: కోపపడ్డానని తెలియగానే, ఆ మనిషి పట్లే వెంటనే మెత్తగా నడుచుకో, పచ్చిగాయం త్వరగా మానుతుంది. నిరుడు ఆ మాట పట్టుకుని, ఒడియా పాటను తెలుగు లిపిలో రాసుకెళ్లి భాయి చేతే పలుకు దిద్దించుకున్నాను. నేను ‘అ’ అన్న చోటల్లా పెదాలు గుండ్రంగా తిప్పమంటారాయన. కోపం పోయిందని చెప్పను. కానీ తప్పు దిద్దించుకుంటూ ఎదుటివాడి మీద అరవడం కష్టం. నా ఓటు దీనికే.

అన్నిటికీ కాదు. మోహం దగ్గర పౌలు పోరాడమనలేదు, పారిపోమన్నాడు (1 కొరింతీ 6:18). గర్వానికి వినయమే మందు, కానీ అందరూ చూస్తుండగా కుర్చీలు సర్దితే రోగం ముదురుతుంది. ఎవరూ లేనప్పుడు బాత్రూములు కడగాలి. సోమరితనం మరీ చిత్రం. పాత ఎడారి సన్యాసులు ఆ పేరుతో చెప్పింది ఒళ్లు వంగకపోవడం గురించి కాదు, ప్రార్థన మీద విసుగు గురించి. విచారణ (పారిష్) కమిటీలన్నిటిలో తిరిగేవాడికీ ఆ జబ్బు ఉండొచ్చు. అతనికి ఇంకో పని అప్పగిస్తే సంతోషంగా జపమాల ఎగ్గొడతాడు! గదిలోనే ఉండు అన్నారు వాళ్లు. కూర్చున్న చోటి నుంచి లేవకపోవడమే అక్కడ మందు.

చాడీలకు మాత్రం నేను మొదటి దారే పడతాను. ఎదురు సుగుణమని ఎవరి గురించైనా మంచి చెప్పడం మొదలుపెడితే, మూడో వాక్యానికల్లా ‘కానీ’ వచ్చేస్తుంది.