ఏడాదికోసారి సర్వీసింగా, బయల్దేరే ముందు సొంత చెకింగా: బోటు ఇంజిన్‌కి ఏది మేలు?

కొందరు ఏడాదికోసారి బోటును మెకానిక్‌కి అప్పగించి ఇక ఏ టెన్షనూ లేదనుకుంటారు. ఇంకొందరు మెకానిక్ ముఖమే చూడరు, నీళ్ళలోకి దిగే ప్రతిసారీ కవర్ ఎత్తి తామే అన్నీ చూసుకుంటారు. రెండూ చేయాలన్నది అందరికీ తెలుసు. కానీ ఒకదాన్నే గట్టిగా పట్టుకోమంటే నేను బయల్దేరే ముందు చూసుకోవడాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే కారు ఆగిపోతే రోడ్డు పక్కకి తోసుకోవచ్చు గానీ బోటు ఇంజిన్ ఆగిన మరుక్షణం నుంచి గాలీ ప్రవాహమూ దాన్ని ఎటు తోస్తే అటే పోవాలి, అటు రాళ్ళున్నా సరే.

పైగా సర్వీసింగ్ అయ్యాక జరిగేవాటిని సర్వీసింగ్ ఎలా పట్టుకుంటుంది? నిన్న ఇంజిన్ చల్లబడటానికి నీళ్ళు పీల్చే రంధ్రానికి ప్లాస్టిక్ కవర్ అడ్డుపడి ఉండొచ్చు, ఎండకి పెట్రోల్ పైపు పగిలి ఉండొచ్చు, కుదుపులకి బ్యాటరీ టెర్మినల్ వదులై ఉండొచ్చు. ఇవన్నీ కంటితో చూసి, చేత్తో లాగి తెలుసుకోవాల్సినవే.

ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక బయట బిగించేది) అయితే స్టార్ట్ చేయగానే వెనక సన్నటి ధారగా నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడండి. ధార రాలేదంటే చల్లబరిచే నీళ్ళు తిరగట్లేదేమో, వెంటనే ఇంజిన్ ఆపాలి. ఒక్కోసారి ఆ చిన్న గొట్టంలో ఇసుకో ఉప్పో గడ్డకట్టి ఉంటుంది, సన్న తీగతో పొడిస్తే పోతుంది. పోకపోతే నీళ్ళు పీల్చే చోటు చూడాలి, అక్కడా బాగానే ఉంటే లోపల ఇంపెల్లర్ పోయిందేమోనని అనుమానించాలి. అది నీళ్ళని లోపలికి తోడే రబ్బరు రెక్కల చక్రం, నీళ్ళు లేకుండా ఇంజిన్ నడిపితే కొన్ని సెకన్లలోనే పాడవుతుంది, అందుకే ఒడ్డున ఊరికే స్టార్ట్ చేసి చూడొద్దు.

పెట్రోల్ ఇంజిన్ బోటు లోపలే ఉంటే దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కారిందంటే బోటు అడుగున చేరి అక్కడే ఉంటుంది, స్టార్టర్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాన్) నడిపి, ఆ తర్వాత కూడా ముక్కుతో వాసన చూసి, అప్పుడే తాళం తిప్పాలి. ఈ పని మీ తరఫున ఏ మెకానిక్కూ ముందే చేసి పెట్టలేడు.

మరి సర్వీసింగ్ ఎక్కడ గెలుస్తుంది? కంటికి కనపడని అరుగుదల దగ్గర. చాలా ఇంజిన్లకి 100 గంటలకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు, ఇంజిన్ ఆయిలూ గేర్ ఆయిలూ మార్చాలంటారు (మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఏముందో అదే లెక్క). గేర్ ఆయిల్ పాలలా తెల్లగా దిగితే సీల్ పోయి లోపలికి నీళ్ళు చేరినట్టే. చాలాసార్లు దానికి కారణం ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకున్న చేపల గాలం తీగ. ఇంపెల్లర్ మార్చడం, సగం కరిగిపోయిన ఆనోడ్లు (ఇంజిన్ తుప్పు పట్టకుండా తాము కరిగిపోయే లోహపు ముక్కలు) తీసి కొత్తవి వేయడం కూడా ఇందులోనే వస్తాయి. ఆనోడ్ ఉప్పునీళ్ళకి జింక్‌దైతే సరిపోతుంది గానీ మంచినీళ్ళకి మెగ్నీషియంది కావాలి. ఇలాంటివి తెలిసినవాళ్ళ చేత చేయించడమే నయం. ఆల్టర్నేటర్, స్టార్టర్ లాంటివి మార్చాల్సి వస్తే, చవకగా వస్తున్నాయని కారువి బిగించనివ్వకండి, బోటు కోసం చేసినవాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా ఏర్పాటు ఉంటుంది.

ఖర్చు దగ్గర సొంత చెకింగే మేలు, పది నిమిషాలు తప్ప పోయేదేమీ లేదు. కానీ సర్వీసింగ్ మానేసి ఆ డబ్బు మిగుల్చుకుందామంటే ఒప్పుకోను, ఎందుకంటే ఇంపెల్లర్ ధరకీ వేడెక్కి పట్టేసిన ఇంజిన్ ధరకీ పోలికే లేదు.

ఉప్పునీళ్ళలో తిరిగొచ్చాక మంచినీళ్ళతో ఇంజిన్ లోపల కడగడం మాత్రం ఏ పక్షంవాళ్ళూ మానకూడదు. కిల్ స్విచ్ తాడు (నడిపేవాళ్ళు పడిపోతే ఇంజిన్ ఆపేది) ఒంటికి పెట్టుకుని, ఒడ్డు దగ్గరే ఒకసారి లాగి ఇంజిన్ ఆగుతోందో లేదో చూడండి. ఇంజిన్‌కి గంటల మీటర్ లేకపోతే నడిపిన ప్రతిసారీ ఎంతసేపో నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆయిల్ రంగులో తేడా వచ్చినా, ధార సన్నబడినా అందులోనే రాసి సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు మెకానిక్‌కి చూపించండి.