నాలుగేళ్లు, 31 వేల కిలోమీటర్లు, అదే బ్యాటరీ: నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ అలవాట్లు

కొత్తలో ఫుల్ ఛార్జ్ చేస్తే నా స్కూటర్ 84 కిలోమీటర్లు వచ్చేది. మొన్న అదే దారిలో, అదే స్పీడ్‌లో నడిపి చూస్తే 76 వచ్చింది. నాలుగేళ్లకు ఇంతే తగ్గిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఎందుకంటే మొదటి ఏడాదే మూడు కిలోమీటర్లు పోగొట్టుకున్నాను.

అప్పట్లో ఇంటికి రాగానే ప్లగ్ పెట్టి, పొద్దున తీసేవాణ్ణి. అర్ధరాత్రికే నిండిపోయిన బ్యాటరీ తెల్లారేదాకా నూరు శాతం మీదే ఉండేది. సెలవు రోజైతే సాయంత్రం దాకా అలాగే. లిథియం అయాన్ సెల్స్‌ను ఎక్కువగా అరగదీసేది ఇదే. సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుగా ఉన్నప్పుడు లోపలి ఎలక్ట్రోలైట్ త్వరగా పాడవుతుంది, కొంత లిథియం ఎలక్ట్రోడ్ మీది పొరలో చిక్కుకుని ఇక పనికిరాకుండా పోతుంది. దానికి వేడి తోడైతే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది.

ఇప్పుడు ఇంటికొచ్చాక ముందు సీటెత్తి బ్యాటరీ పెట్టె మీద చెయ్యి పెడతాను. వేసవిలో ఎక్కువ దూరం నడిపి వస్తే అప్పుడే దించిన పాలగిన్నెలా ఉంటుంది. అది చల్లారేదాకా, గంటైనా సరే, ఛార్జర్ జోలికి వెళ్లను. ఆ తర్వాత టైమర్ పెడతాను. నా ఛార్జర్‌తో 30 నుంచి 80 శాతానికి రెండున్నర గంటలు పడుతుంది, తెల్లవారుజామున మొదలై నేను బయల్దేరే ముందు ఆగిపోతుంది. మొదట కొన్న టైమర్ సాకెట్‌లో పిన్ను వదులుగా ఉండి, ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది. వాసన రాబట్టి చూసుకున్నాను. గంటల తరబడి లోడ్ మోసే పని కాబట్టి టైమర్ విషయంలో మాత్రం పొదుపు చూడకండి.

80 దగ్గర ఆపడం మంచిదని తెలిశాక నాలుగు నెలలు అసలు ఫుల్ చేయలేదు. అదీ తప్పే. ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 24 చూపించిన మీటర్, దిగేసరికి 11 చూపించింది. గుండె ఆగినంత పనైంది. నా స్కూటర్‌లో బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, సెల్స్ అన్నిటి ఛార్జ్‌ను సమం చేసేది బ్యాటరీ దాదాపు నిండాకే. నేను ఆ అవకాశమే ఇవ్వలేదు. ఫుల్ చేసి, పచ్చలైటు వచ్చాక కూడా గంటసేపు వదిలేయడం మూడుసార్లు చేస్తే లెక్క సర్దుకుంది. అప్పట్నుంచి నెలకోసారి ఫుల్ చేస్తున్నాను, అదీ దూరం వెళ్లాల్సిన రోజు పొద్దున్నే.

మీది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకం లిథియం) బ్యాటరీ అయితే ఈ లెక్క కొంచెం మారుతుంది. వాటిలో ఛార్జ్ తగ్గుతున్నా వోల్టేజ్ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, శాతం సరిగ్గా తెలియాలంటే ఇంకాస్త తరచుగా ఫుల్ చేయాలి. ఎన్నాళ్లకోసారి అనేది మాన్యువల్‌లో చూడండి. మా మామయ్య పాత స్కూటర్‌ది లెడ్ యాసిడ్ బ్యాటరీ. "ఎప్పుడూ నిండుగా ఉంచాలి అల్లుడూ" అనేవారు. ఆయన బ్యాటరీకి అది అక్షరాలా నిజం, సగంలో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. ఆ మాట పట్టుకునే నేను మొదటి ఏడాది నా లిథియం బ్యాటరీని అలా వాడాను.

20 లోపుకు దించడం నాకు ఏడాదికి రెండు మూడుసార్లే జరుగుతుంది. సున్నాకు వచ్చిన బ్యాటరీని రోజుల తరబడి అలా వదిలేయడం మాత్రం ప్రమాదం, మళ్లీ ఛార్జ్ తీసుకోకపోవచ్చు కూడా. ఫాస్ట్ ఛార్జింగ్ అవసరం పడినప్పుడు వాడతాను, దానికి భయపడక్కర్లేదు. రోజూ మాత్రం ఇంటి ఛార్జరే.

పోయినేడాది రెండు నెలలు ఊళ్లో లేను. 55 శాతంలో ఉంచి, ఛార్జర్ తీసేసి, నీడలో పెట్టి వెళ్లాను. తిరిగొచ్చి ఆన్ చేస్తే 48 చూపించింది. ఆ రోజే దాని మీద కూరగాయలకు వెళ్లొచ్చాను.